చరరాశి చరిత్ర: మగ్గపు అట్ట నుంచి వెబ్ పుట దాకా

తెలుగు పండితునిగా ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లలకు సంధులూ సమాసాలూ ఛందస్సూ చెప్పి, పదవీ విరమణ చేసిన పిమ్మట నేను వెబ్ ప్రోగ్రామింగు నేర్వడం ఆరంభించాను. ఏ పుస్తకం తెరచినా తొలి పాఠాలలో వేరియబుల్ ఉంటుంది. మన గణిత వాచకాలలో దీనినే చరరాశి అంటారు. అది విలువలు పెట్టుకొనే డబ్బా వంటిదనీ, డబ్బా మీద ఒక పేరు అంటించి ఉంటుందనీ పుస్తకాలు చెబుతాయి. పోలిక తేలికగానే ఉంది. అయితే రెండు పుటలు తిప్పేలోగా ఇటువంటి పంక్తి ఎదురవుతుంది:

చీరలు = చీరలు + 1

బడిలో సమీకరణాలు చేసినవారు ఇక్కడ ఆగక తప్పదు. తనకంటె ఒకటి ఎక్కువైన సంఖ్యతో తానే సమానమయ్యే సంఖ్య ఎక్కడైనా ఉన్నదా? డబ్బా పోలిక ఈ ప్రశ్నకు సమాధానం చెప్పదు.

మా ధర్మవరంలో ఈ పంక్తి దగ్గరే పుస్తకం మూసేసే పిల్లలను చూశాను. వారిలో నేత కుటుంబాల పిల్లలే ఎక్కువ. "ఇది ఇంగ్లీషు చదువుల వాళ్ల విద్య సార్, మాకు పట్టదు" అంటారు. బెంగుళూరు రైలెక్కి ఏ దుకాణంలోనో పనికి కుదురుకుంటారు. ఇది వారి బుద్ధిలోని లోపమని నేననుకోను. ఆ పంక్తికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర వారికి ఎవరూ చెప్పలేదు. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం వారి ఇంటి గుంట మగ్గం మీదనే వేలాడుతూ ఉంటుంది. అందుకోసమే ఈ వ్యాసం.

తెలియని దానికి రంగు పేరు

తెలియని సంఖ్యకు ఒక పేరు పెట్టి, తెలిసినదానివలె లెక్కలో నడిపించడం మన దేశంలో చాలా పాత పద్ధతి. క్రీ.శ. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతం రచించిన బ్రహ్మగుప్తుడు తెలియని రాశిని అవ్యక్తమన్నాడు. ఒకటికంటె ఎక్కువ అవ్యక్తాలు ఉన్నప్పుడు వాటిని వర్ణాలన్నాడు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు బీజగణితంలో ఈ పద్ధతిని విస్తరించాడు. మొదటి అవ్యక్తం యావత్తావత్తు, అనగా "ఎంతో అంత". తక్కినవి కాలకం, నీలకం, పీతకం, లోహితకం, ఇలా రంగుల పేర్లు. వ్రాసేటప్పుడు మొదటి అక్షరం మాత్రమే వ్రాసేవారు: యా, కా, నీ, పీ. తెలిసిన సంఖ్యకు రూపం అని పేరు. దాని గుర్తు రూ. "యా 3 రూ 5" అని వ్రాస్తే, తెలియని రాశికి మూడు రెట్లకు అయిదు కలపడమని అర్థం.

సంస్కృతంలో వర్ణమంటే రంగు, అక్షరం కూడా. రంగు పేరులోని తొలి అక్షరమే రాశికి గుర్తు అయినప్పుడు ఆ మాటకున్న రెండు అర్థాలూ ఒకచోట కలిశాయి. రంగుల పట్టునూలు మధ్య బ్రతికే ఊరివాడినై దీనిని చదువుతుంటే నాకు ముచ్చట కలిగింది.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కంప్యూటరును మనవారే ముందు కనిపెట్టారనడం నా ఉద్దేశం కాదు. భాస్కరుని "యా" దాగి ఉన్న సంఖ్య. లెక్క మొదలైనప్పుడు అది ఎంతో, ముగిసేసరికీ అంతే. మనకు తెలియకపోవడమే దాని అవ్యక్తత. లెక్క నడుమ అది మారదు. కనుక "యా" చీరల పంక్తికి పూర్వరూపమైతే అయింది గాని, ఆ పంక్తి కాలేదు.

అచ్చులూ హల్లులూ

ఐరోపాలో ఇదే పని అక్షరాలతో జరిగింది. 1591లో ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రాన్స్వా వియెట్ తెలియని రాశులకు అచ్చులనూ, తెలిసిన రాశులకు హల్లులనూ వాడాడు. వర్ణమాల చెప్పుకొని బ్రతికిన నావంటివానికి ఇంతకంటె ఇంపైన సంగతి గణితంలో మరొకటి తారసపడలేదు. 1637లో డేకార్త్ ఆ పద్ధతిని మార్చి, లాటిన్ వర్ణమాల తొలి అక్షరాలను తెలిసినవాటికీ, చివరి అక్షరాలను తెలియనివాటికీ కేటాయించాడు. మన బడులలో ఎక్స్, వై అని నేర్పుతున్నది ఆయన ఏర్పాటే.

సమాన చిహ్నం అంతకు ముందే, 1557లో పుట్టింది. వేల్సు దేశీయుడు రాబర్ట్ రికార్డ్ రెండు సమాంతర రేఖలను ఎంచుకున్నాడు. ఇంతకంటె సమానమైన జంట మరొకటి ఉండదని ఆయన వాదం. అంటే ఆ గుర్తు పుట్టుకతోనే సమానత్వాన్ని చెప్పడానికి పుట్టింది, మార్పును చెప్పడానికి కాదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అట్ట చెప్పేది, కండె చెప్పేది

ఇక మగ్గం దగ్గరకు వద్దాం. ధర్మవరం పట్టుచీర పెద్ద అంచుకూ, జరీ కొంగుకూ పేరు పొందింది. ఆ అంచు, కొంగు, బుటాలు నేయడానికి మగ్గం పైన జాకార్డు పెట్టె ఉంటుంది. దానినుంచి చిల్లులు పొడిచిన అట్టల దండ వేలాడుతుంది. పేక ఒక్కసారి దాటడానికి ఒక అట్ట. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, దానికి తగిలిన కొక్కెం తన పడుగు పోగులను పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట సూది వెనక్కు నెట్టబడుతుంది, ఆ పోగులు కిందనే ఉండిపోతాయి. లేచిన పోగులకూ లేవని పోగులకూ నడుమ పేక దూరుతుంది. వందలాది అట్టలు వరుసగా తిరిగేసరికి నెమలో మామిడిపిందెో బట్ట మీద తేలుతుంది.

ఈ యంత్రం ఫ్రాన్సులోని లియోన్ నగరపు పట్టు మగ్గాల మీద 1804 ప్రాంతంలో రూపుదిద్దుకొంది. అంతకు ముందు 1725లో బషీలే బూషోన్ చిల్లుల కాగితాన్ని మగ్గానికి వాడాడు. తరువాత ఫాల్కన్ అట్టలు వాడాడు; వోకన్సన్ మరికొంత మెరుగుపరచాడు. వీరి పనులన్నిటినీ కూర్చి, నేతగానికి పనికివచ్చేటట్లు చేసినవాడు జోసెఫ్ మరీ జాకార్డ్. ఆయన పేరే మా ఊరి వాడుకలో నిలిచింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఏ పోగు లేవాలో అట్ట చెబుతుంది. ఏ రంగో అట్ట చెప్పదు. రంగు నాడెలో పెట్టిన కండెది. అవే అట్టలతో ఈ నెల ఆకుపచ్చ చీర మీద ఎర్రబుటా, వచ్చే నెల నీలం చీర మీద పసుపుబుటా వేయవచ్చు. అట్టల వరుస స్థిరం, కండెలోని నూలు చరం. ప్రోగ్రామునకూ చరరాశి విలువకూ ఉన్న సంబంధం ఇదే. నేత ఇంటి పిల్లవాడు దీనిని పాఠంగా నేర్వనక్కరలేదు, తాతగారి పక్కన కూర్చుని చూచినవాడే.

ఎడమవైపు అంకె

ఈ అట్టలు లండనులో ఒక గణితవేత్తను ఆకర్షించాయి. ఆయన చార్లెస్ బాబేజ్. 1834 నుంచి ఆయన ఏ లెక్కనైనా చేయగల విశ్లేషక యంత్రానికి ప్రణాళికలు గీస్తూ వచ్చాడు. 1836లో జాకార్డు అట్టలను ఆ యంత్రానికి తీసుకొన్నాడు. సుమారు 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జాకార్డ్ చిత్రపటం ఒకటి ఆయన ఇంట ఉండేది.

బాబేజ్ యంత్రంలో రెండు భాగాలు. ఒకటి సంఖ్యలను దాచే గాదె. రెండవది లెక్క చేసే మర. గాదెలో అంకెల చక్రాలు నిలువు వరుసలుగా ఉంటాయి. ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క సంఖ్య. ఆ వరుసలకే వేరియబుల్స్ అని పేరు. ఏ వరుసలో ఏ సంఖ్యనైనా ఉంచవచ్చు, మార్చవచ్చు గనుక ఆ పేరు తగింది. అట్టలలోనూ రకాలున్నాయి. కూడికా తీసివేతా అని చెప్పే అట్టలు వేరు. ఏ వరుసనుంచి సంఖ్యను తేవాలో, ఫలితాన్ని ఏ వరుసలో ఉంచాలో చెప్పే అట్టలు వేరు. ఈ రెండవ రకానికి "వేరియబుల్ అట్టలు" అని పేరు. అంటే యంత్రానికి సంబంధించి ఈ మాట తొలిగా వాడుకకు వచ్చినప్పుడు, అది మగ్గపు అట్టతో కలిసే వచ్చింది.

ఈ యంత్రాన్ని గురించి ఇటలీ దేశీయుడు మెనబ్రియా 1842లో ఫ్రెంచి భాషలో ఒక వ్యాసం వ్రాశాడు. ఏడా లవ్‌లేస్ అనే విదుషి దానిని ఆంగ్లీకరించి, మూలం కంటె పెద్దవైన తన వివరణలు చేర్చి 1843లో ప్రకటించింది. జాకార్డు మగ్గం పూవులను నేసినట్టు ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందన్న భావం ఆమెదే. ఆమె చివరి వివరణలో బెర్నూలీ సంఖ్యలను గణించే ఒక పెద్ద పట్టిక ఉంది. మన చిక్కుముడికి విప్పు అందులోనే దొరుకుతుంది.

ఆ పట్టికలో నాలుగవ వరుస పేరు వి4. మొదటి మెట్టులో దానికి 2ఎన్ అనే విలువ వస్తుంది. రెండవ మెట్టులో వి4 నుంచి, వి1లో ఉన్న ఒకటిని తీసివేసి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ వి4లోనే ఉంచాలి. అంటే వి4లో ఇప్పుడు 2ఎన్‌కు ఒకటి తక్కువ. మన చీరల పంక్తి ఇదే, కూడికకు బదులు తీసివేత. కాని ఆమె దీనిని గందరగోళం లేకుండా వ్రాసింది. ప్రతి "వి"కి ఎడమవైపు పైన ఒక చిన్న అంకె వేసింది. మొదటి విలువ ఉన్నప్పుడు 1, విలువ మారిన తరువాత 2. పట్టికలో ఒక నిలువు గడిని ఈ మార్పులను చూపడానికే ప్రత్యేకించింది: వి4 ఒకటవ దశనుంచి రెండవ దశకు వచ్చింది, వి1 మాత్రం ఒకటవ దశలోనే ఉంది.

ఎంత చక్కని ఏర్పాటు! పేరు ఒకటే, చోటు ఒకటే, కాలం వేరు. గణితంలో లేని కాలాన్ని ఆమె ఆ చిన్న అంకెతో తెచ్చింది. "రెండవ చీరలు = ఒకటవ చీరలు + 1" అని వ్రాస్తే ఏ పిల్లవాడు తికమక పడతాడు?

బాణం, రెండు చుక్కలు, సమాన చిహ్నం

బాబేజ్ యంత్రం పూర్తికాలేదు. తరువాతి వారు చాలామట్టుకు తమ దారిలో తామే ఈ భావాన్ని చేరుకున్నారు. జర్మనీలో కొన్రాడ్ జూజ్ 1945 నాటికి రూపొందించిన ప్రోగ్రాము భాషలో ఒక బాణం గుర్తు ఉంది: "జెడ్ + 1" అని ఎడమవైపు వ్రాసి, బాణం వేసి, కుడివైపు "జెడ్" అని వ్రాశాడు. ఫలితం ఎటు పోతున్నదో కంటికి కనబడుతుంది. 1957లో ఐ.బి.ఎం.లో జాన్ బాకస్ బృందం వెలువరించిన ఫోర్ట్రాన్ భాష రికార్డ్ గారి సమాన చిహ్నాన్నే ఈ పనికి పెట్టుకొంది. 1958లో ఆల్గాల్ రూపకర్తలు సమాన చిహ్నానికి ముందు రెండు చుక్కలు చేర్చి, ఇది సమానత్వం కాదు సుమా అని హెచ్చరించారు. కాని 1970లలో వ్యాపించిన సి భాష మళ్లీ ఒంటి సమాన చిహ్నానికే వచ్చింది. 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో తొలిరూపం కట్టిన జావాస్క్రిప్ట్, సి కుటుంబపు వ్రాతనే అనుసరించింది. సమానమా కాదా అని అడగడానికి ఆ గుర్తును రెండుసార్లో మూడుసార్లో వ్రాయవలసి వచ్చింది.

పిల్లలను ఆపుతున్నది భావం కాదు, ఈ గుర్తు. లవ్‌లేస్ అంకె పోయింది, జూజ్ బాణం పోయింది, ఆల్గాల్ చుక్కలు పోయాయి. మిగిలినది, మార్పును చెప్పడానికి పుట్టని గుర్తు.

ఆదేశం, ఆగమం

వ్యాకరణం చదివినవారికి ఈ మార్పు కొత్తది కాదు. ఉన్న వర్ణాన్ని తొలగించి దాని చోట మరొకటి కూర్చుంటే ఆదేశం అంటాం. చూచెను, కొండ అన్న మాటలు కలిసినప్పుడు "చూచెను గొండ" అవుతుంది. "క" పోయి "గ" వచ్చింది. ఉన్నదానిని పోగొట్టకుండా మరొకటి వచ్చి చేరితే ఆగమం. మా, అమ్మ కలిసి "మాయమ్మ" అయినప్పుడు "య" కొత్తగా చేరింది, ఏదీ పోలేదు. ఆదేశం శత్రువు వంటిదనీ, ఆగమం మిత్రుని వంటిదనీ మా గురువులు చెప్పేవారు.

ప్రోగ్రాములోని సమాన చిహ్నాన్ని సమానమని చదవరాదు, ఆదేశమని చదవాలి. "చీరలు = చీరలు + 1" అన్నదానిని కుడినుంచి ఎడమకు ఇలా చదవండి: చీరలు అన్న చోట ఇప్పుడున్న సంఖ్యను తీసుకో, ఒకటి కలుపు, పాతదానిని తొలగించి ఆ చోటనే దీనిని ఆదేశంగా ఉంచు. పాత విలువ శత్రువు చేతికి చిక్కినట్టే, ఇక తిరిగి రాదు. కావాలనుకొంటే ముందే వేరొక పేరుతో దాచుకోవాలి. నా దగ్గరకు వచ్చే పిల్లలకు ఇలా చెప్పినప్పటినుంచి ఈ పంక్తి దగ్గర ఆగినవారు లేరు.

శాసనం వంటి పుట

వెబ్ పుటకు ఇది ఎందుకు అవసరమైంది? టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి, 1991లో లోకానికి అందించిన తొలి వెబ్ పుటలు శాసనాల వంటివి. చెక్కినది చెక్కినట్టే ఉంటుంది. ఎవరు వచ్చి చూచినా ఒకటే పాఠం. హెచ్.టి.ఎం.ఎల్. స్వతహాగా చరరాశులు లేని భాష. వంద చీరలకు వంద ధరలు చూపాలంటే వందసార్లు వ్రాయాలి. వచ్చిన వ్యక్తి పేరు పెట్టి పలకరించడం శాసనానికి చేతకాదు. 1995లో రెండు మార్పులు వచ్చాయి. రాస్మస్ లెర్డార్ఫ్ ప్రకటించిన పి.హెచ్.పి. సర్వరులో ఉండి పుటను అప్పటికప్పుడు కూర్చే పని చేపట్టింది; జావాస్క్రిప్ట్ చూపరి బ్రౌజరులోనే మార్పులు చేసే పని చేపట్టింది. శాసనం మగ్గమయింది. అట్టలు ఒకటే, వచ్చినవారిని బట్టి కండె మారుతుంది.

పి.హెచ్.పి.లో ప్రతి చరరాశి పేరుకూ ముందు డాలరు గుర్తు ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో మొదట వార్ అనే మాటతో పేరును ప్రకటించేవారు. 2015లో లెట్, కాన్స్ట్ అనే రెండు మాటలు చేరాయి. లెట్ అని ప్రకటించిన పేరుకు ఆదేశం ఎన్నిసార్లైనా చేయవచ్చు. కాన్స్ట్ అని ప్రకటించిన పేరుకు మళ్లీ ఆదేశం చేయరాదు. లెట్ పేరు తనచుట్టూ ఉన్న మీసాల కుండలీకరణాలు దాటి బయట చెల్లదు. మా ఇంటిలో "అవ్వ" అంటే ఒకరు, పక్కింటిలో "అవ్వ" అంటే మరొకరు. గడప దాటితే ఆ పేరుకు అర్థం మారుతుంది. ఇదీ అటువంటిదే.

మరొక చిక్కు శబ్దానికీ అర్థానికీ ఉన్న తేడా. పుటలోని గడిలో చూపరి 5 అని టైపు చేస్తే, జావాస్క్రిప్ట్‌కు అది సంఖ్యగా కాదు, అక్షరంగా అందుతుంది. దానికి 1 కలిపితే 6 రాదు, పక్కపక్కన చేరి 51 వస్తుంది. 5 అనే శబ్దం వేరు, అయిదు అనే అర్థం వేరు. ముందు దానిని సంఖ్యగా మార్చి, ఆ పిమ్మట కూడాలి. శబ్దార్థాల భేదం తెలిసినవానికి ఇది ఒక్క పూటలో పట్టుబడే విషయం.

పేరు పెట్టడంలోనూ మన శాస్త్రం తోడ్పడుతుంది. పాణిని సంజ్ఞలు రెండు తీరులు. టి, ఘు, భ అన్నవి అర్థం స్ఫురించని చిన్న గుర్తులు. సర్వనామం అన్నది పేరులోనే అర్థం చెప్పే అన్వర్థ సంజ్ఞ. కంఠపాఠానికి మొదటిది మేలు. మరొకరు చదివి సరిదిద్దవలసిన ప్రోగ్రామునకు రెండవదే మేలు. ఆ పేరు తెలుగు లిపిలోనూ ఉండవచ్చు. జావాస్క్రిప్ట్ యూనికోడ్ అక్షరాలను పేర్లలో అంగీకరిస్తుంది. లెట్ అన్న మాటను ఆంగ్లలిపిలో టైపు చేసి, ధర, కూలి, మొత్తం అన్న పేర్లను తెలుగులో వ్రాసి చూడండి, పని జరుగుతుంది. నలుగురితో కలిసి చేసే ఉద్యోగంలో ఆంగ్ల నామాలే వాడవలసి రావచ్చు. నేర్చుకొనే రోజులలో మాత్రం భావం ముందు, భాష తరువాత. మహావీరాచార్యుని గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చినప్పుడు ఈ భాష ఆ లెక్కలను మోయగలిగింది. ఈ లెక్కలనూ మోస్తుంది.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ జాకార్డులు వస్తున్నాయి. వాటికి అట్టలు అక్కరలేదు, డిజైను ఫైలునుంచి నేరుగా కొక్కేలకు అందుతుంది. ఇది నేతగాని నడుముకు సుఖమే, నేను కాదనను. అయితే పాత అట్టలు అటకల మీద చివికిపోతున్నాయి, లేదా తూకానికి పోతున్నాయి. ధర్మవరం వాసులకు నా మనవి ఒకటే. మీ ఇంట అట్టల దండ ఉంటే ఒక్క అట్టనైనా తీసి ఉంచండి. కంప్యూటరు చదువుకు పోయే పిల్లవాని చేతిలో పెట్టి, "నీ మొదటి పాఠంలోని మాట దీనితో కలిసి పుట్టింది, ఇది మన ఇంటిది" అని చెప్పండి. ఆ చదువు పరాయిదనే బెరుకు సగం అక్కడే తీరుతుంది. తక్కిన సగానికి అభ్యాసమే మందు.

స్వస్తి.